రిప్పన్ బిల్డింగు గ్యాలరీలో ఒక పూట

మా ఇంటినుంచి రిప్పన్ బిల్డింగుకు మెట్రోలో నాలుగే స్టేషన్లు. పాత వణ్ణారపేట అని బోర్డుల మీద రాసే చోటును మా నాన్న తరం దాకా చాకలిపేట అనే పిలిచాం. అక్కడ సర్ త్యాగరాయ కాలేజి స్టేషన్లో ఎక్కితే సెంట్రల్లో దిగడమే. అరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. ఆ తెల్ల భవనం ముందునుంచి ఎన్నిసార్లు పోయుంటానో లెక్కలేదు. ఇంటిపన్ను కట్టడానికి, పిల్లల బర్త్ సర్టిఫికెట్లకు జోన్ ఆఫీసు చుట్టూ తిరిగాను. కౌన్సిల్ కూడే హాలు ఎట్లా ఉంటుందో మాత్రం 2025 దాకా చూడలేదు. చూడాలని తోచలేదు కూడా.

నన్ను పంపింది మా వీధి ఊడ్చే అక్క.

వయసులో నాకంటే పదిహేనేళ్ళు చిన్నదే, అయినా వీధి మొత్తం ఆమెను అక్క అనే అంటుంది. మా ఇంట్లో కాకుండా ఆ వీధిలో తెలుగు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఈ సంగతి బయటూళ్ళలో ఉన్న మన పిల్లలకు తెలియకపోవచ్చు గనక చెబుతున్నాను: మద్రాసులో వీధులు ఊడ్చేవాళ్ళలో, కాలవలు తీసేవాళ్ళలో చాలామంది తెలుగు ఇళ్ళవాళ్ళే, ఎక్కువమంది దళితులు. తరాల కిందట నెల్లూరు వైపునుంచి, ఇంకా పైనుంచి ఈ పనికోసమే వచ్చినవాళ్ళ మనవలూ మనవరాళ్ళూ. మా తాత నాయుడుపేట దగ్గరనుంచి గూడూరు బండెక్కి వచ్చి తెలుగు అచ్చాఫీసులో కంపోజిటరుగా చేరాడు. ఆమె తాత కూడా అదే లైనులో ఏదో బండెక్కే వచ్చుంటాడు. ఊరి పేరు ఆమెకు తెలియదు, "నెల్లూరు కవతల" అంటుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి, దాచితే బాగుండదు. ఆమె అత్త మా వీధికి పనికి వచ్చే రోజుల్లో నీళ్ళడిగితే మా నాయనమ్మ చెంబు ఎత్తిపట్టి దోసిట్లో పోసేది. గ్లాసు ఇచ్చేది కాదు. ఇద్దరూ తెలుగే మాట్లాడుకునేవాళ్ళు, వానల గురించీ పిల్లల జ్వరాల గురించీ. నేను గడపలో కూర్చుని చూసేవాణ్ణి. అందులో తప్పేమిటో అప్పుడు నాకు తెలియలేదు. నాయనమ్మకు ఎవరూ చెప్పలేదు.

2025 ఆగస్టు ఒకటో తేదీన అక్క పనికి రాలేదు. రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్లలో చెత్త పని ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పారు. మా వీధి రాయపురం జోన్ కిందికే వస్తుంది. కార్పొరేషన్ కింద ఏళ్ళ తరబడి రోజుకూలీ మీద పనిచేసినవాళ్ళు ఇప్పుడు కంపెనీలో చేరాలన్నారు. జీతం తగ్గుతుందని, పర్మనెంటు చేస్తారన్న ఆశ దీంతో పోయినట్టేనని వాళ్ళ భయం. వెళ్ళి రిప్పన్ బిల్డింగు ముందు పేవుమెంటు మీద కూర్చున్నారు. పదమూడు రోజులు, ఎండలో, వానలో. ఆఖరికి హైకోర్టు అక్కడ కూర్చోకూడదంది, 13వ తేదీ అర్ధరాత్రి పోలీసులు అందరినీ బస్సుల్లో ఎక్కించి తీసుకుపోయారు. పేపర్లలో మీరూ చదివుంటారు.

నేను రెండుసార్లు అక్కడికి పోయాను. మొదటిసారి ఊరికే చూడ్డానికి, రెండోసారి మజ్జిగ ప్యాకెట్లు పట్టుకుని. మైకులో మాటలన్నీ తమిళమే. కింద పరదా మీద కూర్చున్నవాళ్ళ కబుర్లు, పోట్లాటలు, పిల్లల్ని కసురుకోవడాలు సగానికి సగం తెలుగు. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా, నడివీధిలో, అంతమంది గొంతెత్తి తెలుగు మాట్లాడడం నేను నా జీవితంలో వినలేదు. మనం ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బస్సులో ఫోనొస్తే గొంతు తగ్గిస్తాం.

అక్క నన్ను చూసి పక్కన జరిగి చోటిచ్చింది. ఆ తెల్ల భవనం వైపు గడ్డం ఎత్తి చూపించి అడిగింది: "లోపల ఏం మాట్లాడుకుంటారన్నా? మా సంగతి తీర్మానం చేసినారంట. ఎవురు చేసినారు, ఎట్టా చేసినారు? నువ్వు చదువుకున్నోడివి గదా, ఒకసారి పోయి చూసొచ్చి జెప్పు."

నాకు తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. కౌన్సిల్ గురించి నాకు తెలిసిందంతా మా తాత చెప్పిన కథలే.

తాతకు ఆ భవనం అంటే త్యాగరాయ శెట్టిగారు. మా పేటలోనే ఉండేవాడాయన, నేతపని వ్యాపారం. 1882నుంచి నలభై ఏళ్ళు కార్పొరేషన్లో సభ్యుడు, తరవాత దాని అధ్యక్షుడు. అధికారులు నియమించిన తెల్లదొరలు కూర్చుంటూ వచ్చిన ఆ కుర్చీలో సభ్యులు ఎన్నుకుని కూర్చోబెట్టిన మొదటి మనిషి, తెలుగువాడు. 1920లో థౌజండ్ లైట్స్‌లో ఉన్న కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం టిఫిను పెట్టాలని తీర్మానం చేయించింది ఆయన హయాంలోనే. పిల్లవాడికి రోజుకు ఒక అణా మించకూడదని లెక్క. మధ్యాహ్న భోజనం పథకాల కథ ఎవరు చెప్పినా అక్కడినుంచే మొదలుపెడతారు. రిప్పన్ బిల్డింగు ఆవరణలో ఆయన విగ్రహం ఉంది. తాత నన్ను చిన్నప్పుడు తీసుకుపోయి గేటు బయటనుంచే చూపించాడు. లోపలికి పోదామంటే "మనకేం పని?" అన్నాడు.

ఆ "మనకేం పని" వెనక 1953 ఉంది. పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో నిరాహారదీక్షలో 1952 డిసెంబరు 15న పోయారు. ఆ తర్వాత మద్రాసు ఎవరిదన్న గొడవ ముదిరింది. మద్రాసు మనదే అని ఆంధ్రవాళ్ళు, ప్రాణాలిచ్చైనా వదలమని ఇక్కడివాళ్ళు. అప్పుడు మేయరు చెంగల్వరాయన్. మ.పొ. శివజ్ఞానం ముందుండి నడిపారు. ఊరు తమిళనాడుకే ఉండాలని ఈ కార్పొరేషన్ కౌన్సిలే తీర్మానం చేసింది. 1953 మార్చిలో నెహ్రూ పార్లమెంటులో తేల్చేశారు, అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. తాత అచ్చాఫీసులో తోటివాళ్ళు కొందరు మూటాముల్లె సర్దుకుని గుంటూరు పోయారు. తాత పోలేదు. పోలేదు గాని ఆ రోజునుంచి ఈ ఊళ్ళో అద్దెకున్నవాడిలా బతికాడు. సొంత ఇల్లే, పన్ను ఒక్క అరసంవత్సరం తప్పకుండా కట్టేవాడు. కొళాయిలో నీళ్ళు రాకపోతే అడగడానికి పోయేవాడు కాదు, పక్కింటి తమిళాయన అడిగేవాడు. "ఒక్క తీర్మానంతో మనల్ని బయటివాళ్ళని చేశారు, ఇక వాళ్ళతో మాటెందుకు" అనేవాడట. మా నాన్నా అంతే. నేనూ అంతే.

ఆ తీర్మానం చేసినవాళ్ళ మీద నాకేం కోపం లేదు. వాళ్ళ ఊరికోసం వాళ్ళు మాట్లాడారు. మా తాత పంతం మాత్రం ఎవరికీ ఉపయోగపడలేదు అనిపిస్తుంది, ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా.

ఆ పై కథ తాతకు తెలియదు, నేను తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. 1688లో కుంపిణీవాళ్ళు ఈ కార్పొరేషన్ పెట్టినప్పుడు మొదటి మేయరు నథానియల్ హిగిన్సన్, ఆయన కింద పన్నెండుమంది ఆల్డర్మన్లు. ఆ పన్నెండుమందిలో ఇంగ్లీషువాళ్ళు, పోర్చుగీసువాళ్ళు, యూదు వర్తకులతో పాటు చిన్న వెంకటాద్రి ఉన్నాడు. కుంపిణీ వ్యాపారంలో పేరుమోసిన తిమ్మన్న తమ్ముడు, తెలుగు వర్తకుడు. అంటే కౌన్సిల్ మొదటిరోజునుంచీ మనవాడొకడు అందులో కూర్చునే ఉన్నాడు. ఆ రోజుల్లో ఊడ్చేవాళ్ళెవరో ఏ పుస్తకంలోనూ రాయలేదు.

కౌన్సిల్ చూడాలంటే ఏం చెయ్యాలో తెలుసుకోడానికి వారం పట్టింది. మా వార్డు సభ్యురాలి ఆఫీసుకు పోయి, ఆధార్ జెరాక్సు ఇచ్చి, ఎందుకని అడిగితే "ఊరికే చూడ్డానికి" అన్నాను. ఆ కుర్రాడు నన్ను వింతగా చూశాడు. ఊరికే చూడ్డానికి ఎవరూ రారు కాబోలు. ఒక నెలాఖరు సమావేశానికి గ్యాలరీలో చోటు దొరికింది.

భవనం లోపల ఎత్తైన కప్పు, చెక్క మెట్లు. 1913లో కట్టడం పూర్తయింది, స్థానిక స్వపరిపాలనకు దారి తీసిన రిప్పన్ ప్రభువు పేరు పెట్టారు. పైన గడియారం పావుగంటకోసారి మోగుతుంది, హాల్లో కూర్చుంటే వినబడుతుంది. సభ్యుల వరసలు కిందున్నాయి. రెండువందల వార్డులు, రెండువందలమంది. సగానికి పైగా ఆడవాళ్ళు. నేను ఊహించుకున్న కౌన్సిల్లో అందరూ మా తాత వయసు మగవాళ్ళు, అంచు పంచెలు. ఇక్కడ చూస్తే పట్టుచీరలు, చుడీదార్లు, ఒళ్ళో పసిపిల్లతో ఒకావిడ.

డఫేదారు ముందు నడవగా మేయరు వచ్చారు. ఎర్ర అంగీ, మెళ్ళో గొలుసు. అందరూ లేచారు. ఆర్. ప్రియ 2022 మార్చిలో మేయరైనప్పుడు ఆమె వయసు 28. ఈ కుర్చీలో కూర్చున్న మొదటి దళిత మహిళ. తారా చెరియన్, కామాక్షి జయరామన్ తరవాత మూడో మహిళ. తిరు.వి.క. నగర్ వార్డునుంచి గెలిచింది, మా ఉత్తర మద్రాసు పిల్లే. తిరుక్కురళ్ ఒకటి చదివి సభ మొదలుపెట్టారు.

మొదటి గంట ప్రశ్నలు. నాకు తెలియకుండానే ముందుకు వంగి విన్నాను. ఒకాయన తన వార్డులో శ్మశానానికి దీపాలు లేవన్నాడు. ఒకావిడ అమ్మ క్యాంటీన్లో గ్రైండరు చెడిపోయి ఎన్నాళ్ళయిందో తేదీతో సహా చెప్పింది. వానకాలవ తవ్విన చోట కేబులు అడ్డొచ్చిందని ఒకరు, వీధికుక్కల గురించి ఏడెనిమిదిమంది. ప్రతివాళ్ళూ మొదట "వణక్కత్తుక్కురియ మేయర్ అవర్‌గళే" అని, తర్వాత తమ పార్టీ నాయకులందరినీ పేరుపేరునా పొగిడి, అప్పుడు కాలవ దగ్గరికి వచ్చేవాళ్ళు. పొగడ్తకు పట్టే సమయం కాలవకు పట్టదు. నా పక్కన ఫైలు పట్టుకుని కూర్చున్న పెద్దాయన చేతి గడియారం చూసి కాగితం మీద రాసుకుంటున్నాడు, పొగడ్తకు ఎన్ని నిమిషాలు, విషయానికి ఎన్ని అని. రిటైరయిన బ్యాంకు ఉద్యోగినని, ఇది పన్నెండోసారి రావడమని చెప్పాడు.

నవ్వొచ్చినా, ఒకటి ఒప్పుకోవాలి. గ్రైండరు గురించి అడిగినావిడ కూర్చోలేదు. అధికారి "చూస్తాం" అంటే "ఎప్పుడు?" అంది. "త్వరలో" అంటే మళ్ళీ "ఎప్పుడు?" అంది. నవ్వుతూనే నాలుగుసార్లు అడిగి, ఒక తేదీ చెప్పించుకుని కూర్చుంది. మా తాత ఆ కొళాయి విషయం నలభై ఏళ్ళు అడగలేదు.

ఇట్లా అడిగేవాళ్ళు లేని కాలం కూడా ఈ ఊరు చూసింది. 1973లో కౌన్సిల్‌ను రద్దుచేస్తే మళ్ళీ ఎన్నికలు జరిగింది 1996లో. ఇరవైమూడేళ్ళు అధికారులే నడిపారు. నా చదువు, పెళ్ళి, ఇద్దరు పిల్లలు, అంతా ఆ మధ్యే అయిపోయింది. తర్వాత మళ్ళీ 2016నుంచి 2022 దాకా కౌన్సిల్ లేదు. ఆ లోటు మా ఇంట్లో ఎవరికీ తెలియనే లేదు, మేం ఎటూ అడిగేవాళ్ళం కాదు గనక.

నేను వచ్చిన పని తీర్మానాల గురించి. అవి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. సభ్యుల ముందు అచ్చేసిన పుస్తకం ఉంది, గ్యాలరీలో మాకు లేదు. నెంబరు చదువుతారు, రెండు మాటలు విషయం, "నిరైవేట్రప్పట్టదు", అంటే ఆమోదమైంది. మళ్ళీ నెంబరు. రోడ్లు, పార్కులు, బడి గదులు, టెండర్లు, ఒప్పందం పొడిగింపులు. కొన్నిటికి నెంబరు తప్ప ఏమీ చెవిన పడలేదు. పెద్దాయన రాయడం మానేసి పెన్ను మూత పెట్టాడు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి, ముప్ఫై దాటాక వదిలేశాను. వాటిలో దేనిలో ఎవరి ఇంటి పొయ్యి ఉందో కింద కూర్చున్నవాళ్ళలోనే ఎంతమందికి తెలుసో. చెత్త పని అప్పగింత కూడా ఒకనాడు ఇట్లాగే ఒక నెంబరై ఈ హాల్లోంచి దాటిపోయుంటుంది. అందులో మోసమేమీ ఉండనక్కర్లేదు. కాగితం చదివారు, వద్దన్నవాళ్ళు వద్దన్నారు, లెక్క తేలింది. అక్కకు నేను చెప్పాల్సింది ఇదే కదా, ఇది ఎట్లా చెప్పను అని అప్పుడే దిగులు పట్టుకుంది.

ఆఖరున ఒక సభ్యుడు లేచాడు. పొగడ్త తగ్గించి, ఆగస్టులో బయట కూర్చున్న తూయ్‌మై పణియాళర్ల సంగతి ఎత్తాడు. కొన్ని వరసల్లోంచి కేకలు లేచాయి. రెండు వాక్యాలు వినబడలేదు. కేసు కోర్టులో ఉంది గనక చర్చించకూడదన్నది జవాబు. ఆయన కూర్చున్నాడు. పెద్దాయన తన కాగితం నాకు చూపించాడు: ఒక నిమిషం పది సెకన్లు.

దిగి వస్తుంటే మెట్ల దగ్గర ఇద్దరు సభ్యులు టీ తాగుతూ తమలో తాము తెలుగు మాట్లాడుకుంటున్నారు, ఎవరి కూతురి పెళ్ళో, ఏ మంటపమో. నన్ను చూసి గొంతు తగ్గించారు. నేనూ తెలుగువాణ్ణేనని చెబుదామనుకుని, చెప్పకుండా వచ్చేశాను. బయట త్యాగరాయ శెట్టిగారి విగ్రహం దగ్గర కాసేపు నిలబడ్డాను. ఈసారి గేటు లోపలివైపు.

అక్కను చూడ్డానికి నాలుగు రోజులు పట్టింది. పుల్లియాంతోపులో వాళ్ళ బంధువుల ఇంట్లో ఉంది. ఆమె కంపెనీలో చేరలేదు, ఇళ్ళలో అంట్లపని చేస్తోంది. చాపేసి కూర్చోమంది. స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చిచ్చింది. తాగాను. గ్లాసు చేతిలో పట్టుకుని ఉండగా మా నాయనమ్మ చెంబు గుర్తొచ్చింది, ఆమెకూ ఆ అత్త చెప్పే ఉంటుంది ఆ చెంబు సంగతి. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఎట్లా జరుగుతుందో అంతా చెప్పాను. రెండువందలమంది, ఎర్ర అంగీ, పొగడ్తలు, గ్రైండరు, నెంబర్లు. నెంబర్ల దగ్గర మాత్రం ఆపి మళ్ళీ అడిగింది.

"నెంబరు జెప్పి అయిపోయిందంటారా? మమ్మల్ని పిలిపించి అడగరా?"

"అడగరు. మీ వార్డు సభ్యులు మీ తరఫున మాట్లాడాలి."

"మా వార్డాయన ఎవురో నాకు తెలుసులే. ఓట్ల కాడ వచ్చినాడు, తెలుగులోనే అడిగినాడు."

ప్రభుత్వం పారిశుద్ధ్య కార్మికులకు పొద్దున టిఫిను పెడతామని ఆగస్టులోనే ప్రకటించింది కదా అన్నాను. త్యాగరాయ శెట్టిగారి అణా టిఫిను కథ కూడా చెప్పబోయాను, నూరేళ్ళ కిందట ఇక్కడినుంచే మొదలైందని. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"టిఫిను ఎవురు అడిగినారన్నా. పని అడిగినాం."

నా దగ్గర దానికి జవాబు లేదు. ఒకాయన లేచి మీ మాట ఎత్తాడని, ఒక నిమిషం పది సెకన్లని చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "పేరేంది ఆయనది?" అంది. చెప్పాను. మనవణ్ణి పిలిచి నోటుబుక్కులో రాయించుకుంది.

2022 నవంబరునుంచి వార్డుల్లో ఏరియా సభలు పెడుతున్నారని, అందులో ఎవరైనా లేచి మాట్లాడవచ్చని కూడా చెప్పాను. మన వీధి సభకు నేనింతవరకూ పోలేదని ఒప్పుకున్నాను. ఈసారి పోతాను, చెత్త పని గురించి అడుగుతాను అన్నాను. "తెలుగులో అడుగుతావా?" అంది. తమిళంలోనే అడగాలి కదా అన్నాను. "అరవంలోనే అడుగు. గట్టిగా అడుగు" అంది.

బయలుదేరుతుంటే తలుపు దాకా వచ్చింది.

"మళ్ళా ఎప్పుడు కూడతారు లోపల?"

"వచ్చే నెలాఖరున."

లోపలికి పోయి ప్లాస్టిక్ కవరులో మడిచిపెట్టిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమె ఆధార్ జెరాక్సు. "నీతో బాటు నాకూ చీటీ రాయించు" అంది. మర్నాడు పొద్దున రెండు జెరాక్సులూ తీసుకుని వార్డు ఆఫీసుకు పోయాను. అదే కుర్రాడు. ఈవిడెవరు, ఎందుకని అడిగాడు. ఊరికే చూడ్డానికి కాదని చెప్పాను.